క్లబ్బులో పాడండి, శ్రోతల్ని మాత్రం పెళ్లిళ్లలో వెతకండి

ప్రశ్న:

మాది గుంటూరు. మా అమ్మమ్మ దగ్గరా, పల్నాడులో మా చుట్టాల ఊళ్లోని ఆడవాళ్ల దగ్గరా నేర్చుకున్న పాటలతో ఐదుగురం కలిసి జానపద బృందం నడుపుతున్నాం. నేనూ ఇంకో అమ్మాయీ పాడతాం. అన్నయ్య కీబోర్డు, ఒకబ్బాయి డోలక్, మా ఊరి బాబాయ్ డప్పు. ఈమధ్య కొంత అప్పు చేసి ఎనిమిది పాటల ఆల్బమ్ చేశాం. రెండు నలుగు పాటలు, ఒక అప్పగింతల పాట, రెండు నాట్ల పాటలు, ఒక గొబ్బి పాట, ఒక మిరపకోతల పాట, ఒక జోల. ఆషాఢంలో ప్రోగ్రాములు లేక ఖాళీగా ఉన్నాం కదా అని ఎనిమిదీ ఒకేసారి అన్ని యాపుల్లో పెట్టేశాం. వింటున్నది మా చుట్టాలే.

విజయవాడ, గుంటూరు క్లబ్బుల్లో నెలకు రెండు మూడు ప్రోగ్రాములు వస్తున్నాయి. అక్కడ ఆల్బమ్ గురించి చెబుదామంటే వినే నాథుడు లేడు. భోజనాలు, కబుర్లు, లోపల పేకాట. మూడో పాటకల్లా సినిమా పాట పాడమని చీటీలు వస్తాయి. సన్మానాలన్నీ అయ్యాక తొమ్మిదిన్నరకు మమ్మల్ని ఎక్కించి పదింటికి ఆపేయమంటారు. మొన్న ఒక క్లబ్బులో డప్పు బాబాయిని వెనక గేటు నుంచి రమ్మన్నారు. యూట్యూబ్‌లో మా అమ్మమ్మ నేర్పిన పాట మీదే ఏదో కంపెనీ క్లెయిమ్ వేసింది. తెలంగాణ పాటలకు కోట్లలో వ్యూస్ వస్తున్నాయి, మనమూ డీజే బీటు కలుపుదామని అన్నయ్య అంటున్నాడు. క్లబ్బులు మానేయాలా? సీడీలు కొట్టించాలా? ఈ ఆల్బమ్‌ని జనంలోకి తీసుకెళ్లడం ఎలా?

సమాధానం:

మిగతావన్నీ తర్వాత. ముందు ఆ వెనక గేటు సంగతి.

సినిమా పాటల చీటీలకీ యూట్యూబ్ గొడవకీ మధ్య ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు దాన్ని. కీబోర్డు పట్టుకున్న మనిషిని ముందు నుంచి రానిచ్చి, డప్పు పట్టుకున్న మనిషిని వెనక నుంచి రమ్మనడం ఏమిటో మన జిల్లాల్లో పెరిగినవాళ్లకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఆ రోజు మీరేం చేశారో రాయలేదు. బహుశా పెద్దాయనే 'పోనీలేమ్మా' అని ఉంటాడు. ఆయన అలా అన్నాడంటే అలవాటైపోయిందని అర్థం, బాధ లేదని కాదు. ఇకమీదట ప్రోగ్రాము ఒప్పుకునేటప్పుడే వాట్సాప్‌లో రాసి పెట్టండి: ఐదుగురు కళాకారులం, ఐదుగురం ఒకే గేటు నుంచి వస్తాం, ఒకే గదిలో కూర్చుంటాం, ఒకే చోట భోంచేస్తాం. కుదరదంటే అక్కడికక్కడే సామాను సర్దుకుని వచ్చేయండి. ఒక రాత్రి డబ్బు పోతుంది, పోనివ్వండి. ఇలాంటి వాటికి 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. అది వర్తించేదైతే ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం. మీరు ముందుకు తోయకండి, వెనక్కీ లాగకండి, ఏం చేసినా మేం వెంట ఉంటామని మాత్రం చెప్పండి.

ఇంకో మాట, ఇది మీకు నచ్చకపోవచ్చు. మీ బృందంలో డబ్బు ఎలా పంచుకుంటున్నారు? ఐదు సమాన వాటాలా, లేక కీబోర్డుకో లెక్క, డప్పుకో లెక్కా? ఆల్బమ్ వివరాల్లో బాబాయ్ పేరు ఉందా, 'రిథమ్' అని రాసి ఊరుకున్నారా? యాపుల్లో వాద్య కళాకారుల పేర్లు వేసే వీలుంది. పడకపోతే మీరు పాటలు అప్పజెప్పిన పంపిణీ కంపెనీకి రాసి ఈ వారమే వేయించండి. స్టేజీ మీద కూడా ఆయన్ని వెనక మూలలో కాక మధ్యలో నిలబెట్టి, అందరికంటే ముందు ఆయన పేరు చెప్పండి. గేటు దగ్గర నిలబెట్టినవాళ్లూ వింటారు.

ఇక క్లబ్బులు. మానేయకండి. కానీ వాటి మీద పెట్టుకున్న ఆశ మానేయండి.

క్లబ్బుకు వచ్చే మెంబరు మీకోసం టిక్కెట్టు కొనుక్కుని రాలేదు. రమ్మీ ఆడుకోవడానికో, పిల్లల్ని లాన్‌లో తిప్పడానికో, ఉగాదికో కొత్త సంవత్సరానికో కుటుంబంతో భోజనానికో వచ్చాడు. మీ పాట అతనికి భోజనంతోపాటు వచ్చేది. అతను వినలేదని కోప్పడితే లాభం లేదు, వినలేదు కాబట్టి మీ పాట బాగాలేదనుకుంటే ఇంకా లాభం లేదు. క్లబ్బు మీకు కూలి ఇచ్చే చోటు. అప్పు తీరాలంటే ఆ కూలి కావాలి. అదే రాత్రి, అదే స్టేజీ మీద ఆల్బమ్‌కు శ్రోతలు కూడా దొరకాలనుకుంటున్నారు. మీ విసుగంతా అక్కడే ఉంది.

కూలి అన్నాక పని షరతులు మనం చెప్పాలి. మొదటిది టైము. లౌడ్‌స్పీకర్ల మీద 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఉన్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు పెట్టకూడదు. తలుపులు మూసిన హాల్లో అయితే ఫర్వాలేదు గానీ, మన క్లబ్బుల ప్రోగ్రాములు ఎక్కువగా లాన్‌లోనే కదా. పండగల పేరుతో ప్రభుత్వం ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, ఆ రోజులు వేరు. కాబట్టి పదింటికి ఆపేయమనడం వాళ్ల తప్పు కాదు. తొమ్మిదిన్నరకు ఎక్కించడం వాళ్ల తప్పు. సన్మానాలకు ముందే మీ టైము అడగండి. ఏడున్నర నుంచి ఎనిమిదింపావు. అప్పటికి జనం కుర్చీల్లో ఉంటారు, బఫే తెరవరు, పిల్లలు నిద్రకు రారు. సెక్రటరీ గారికి కూడా లాభమే, ఖాళీ కుర్చీల ముందు సన్మానం చేయించుకోవాల్సిన పని ఉండదు. అడిగి చూడండి, చాలామంది ఒప్పుకుంటారు. ఇంతవరకు ఎవరూ అడగలేదు, అంతే.

రెండోది సౌండు. డప్పు తోలు ఏసీ హాల్లో ఎలా మెత్తబడుతుందో బాబాయ్‌కి తెలుసు, మీ సౌండ్ అబ్బాయికి తెలియదు. హాల్లో మంట పెట్టి కాగబెట్టనివ్వరు. కాబట్టి తోలు డప్పులు రెండు తీసుకెళ్లండి. ఒకటి మోగుతుంటే రెండోదాన్ని బయట కాచి తెప్పించుకోవచ్చు. అది కుదరని చోట ఫైబర్ డప్పు వాడండి. ఏసీ గదిలో చప్పబడ్డ తోలు కంటే ఫైబరే నయం, ఈ విషయంలో పట్టుదలకు పోకండి. రికార్డింగుకు మాత్రం తోలు తప్ప వేరేది వద్దు. చిన్న హాల్లో డప్పుకు మైకే అక్కర్లేదు. సౌండ్ అబ్బాయి అలవాటు కొద్దీ ఒక మైకు దాని ముందు పెడతాడు, ఆ దెబ్బకు మీ ఇద్దరి గొంతులూ మునిగిపోతాయి. పాటలో మాట వినపడకపోతే మీ దగ్గర ఇంకేం మిగిలింది? జనం రాకముందే అరగంట సౌండ్ చూసుకునే టైము కూడా షరతుల్లో రాయండి.

మూడోది, పాటకూ పాటకూ మధ్య మీరేం చేస్తున్నారు? 'ఇప్పుడు మా ఆల్బమ్ నుంచి మరో పాట' అని ప్రకటించి పాడుతున్నారని నా అనుమానం. అలా చేస్తే చీటీలు రాక ఏమొస్తాయి! వినని జనాన్ని వినేట్టు చేసే విద్య మన గుంటూరు జిల్లాలోనే పుష్కలంగా ఉంది. బుర్రకథ చూడండి. నడుమ తంబురతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు రెండు చరణాలు పాడగానే ఒక వంత 'అదేంటి గురువా' అని అడ్డం తగులుతాడు. జనం మనసులో వచ్చిన ప్రశ్నే అతను అడుగుతాడు. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ఆ పద్ధతితోనే పొలాల మధ్య రాత్రుళ్లు వేల మందిని కూర్చోబెట్టారు, 1986లో పద్మశ్రీ దాకా వెళ్లారు. అక్కడా పిల్లలు ఏడ్చేవాళ్లు, బీడీలు కాల్చేవాళ్లు, మధ్యలో లేచి వెళ్లేవాళ్లు ఉండేవాళ్లే. మీరు బుర్రకథ చెప్పక్కర్లేదు. ఆ అడ్డం తగిలే పని మాత్రం అరువు తెచ్చుకోండి. నలుగు పాటలో పెళ్లికొడుకు అక్కచెల్లెళ్లను ఎగతాళి చేసే చరణం ఉంటుంది కదా, అక్కడ బాబాయ్ డప్పు ఆపి 'మరి మావాళ్లేమన్నా తక్కువా' అనాలి. ముందు వరసలో ఉన్న ఆడబడుచు ఒకరు తప్పకుండా జవాబు చెబుతారు. ఆ తర్వాత చీటీ రాదు.

వస్తే? చివర్లో ఒక్క సినిమా పాట పాడండి. మీకు నచ్చినది, జానపద వరసలో ఉన్నది, కీబోర్డు లేకుండా డప్పు, డోలక్ మీదే. ఒక్కటే. అడిగినవాళ్ల ముచ్చటా తీరుతుంది, మీరూ ఆర్కెస్ట్రా అయిపోరు. మొత్తం సినిమా పాటలే కావాలంటే ఊళ్లో మంచి ట్రూపులు చాలా ఉన్నాయని నవ్వుతూ చెప్పండి.

డబ్బు గురించి ఒక్క ముక్క. సగం అడ్వాన్సు లేకుండా తేదీ ఒప్పుకోకండి. బండి కిరాయి విడిగా రాయండి. జీఎస్టీ నంబరు లేదని ఈవెంట్ వాళ్లు రేటు తగ్గించబోతే, జానపద, శాస్త్రీయ కళారూపాల్లో సంగీత ప్రదర్శనకు పారితోషికం 1,50,000 రూపాయలు మించనంతవరకు జీఎస్టీ మినహాయింపు ఉందని చెప్పండి. మీరింకా ఆ అంకె దరిదాపుల్లో లేరు, ఉండాలని కోరుకుంటున్నాను.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మీ పాటల జాబితా చదివి నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకండి. రెండు నలుగు పాటలు, ఒక అప్పగింతల పాట, వాటిని విడుదల చేసింది ఆషాఢంలో! ఆ నెలంతా వెతికినా ఒక్క ముహూర్తం దొరకదు, కొత్త కోడళ్లు పుట్టింట్లో ఉంటారు. ధనుర్మాసం గొబ్బి పాటను జూలైలో ఎవరు వింటారు? ఆ ఎనిమిదింటిలో నాట్ల పాటలకు మాత్రమే ఆ నెల సరిపోయింది, కాలవలకు నీళ్లు వదిలే రోజులు కాబట్టి. వాటిని కూడా మిగతా ఆరింటి గుంపులో కలిపి తోసేశారు.

సినిమా పాటకు సినిమా ఉంది. మీ పాటకు పని ఉంది. పిల్లకు నలుగు పెట్టేటప్పుడు, బిడ్డను ఉయ్యాల్లో వేసేటప్పుడు, ఆవుపేడ ముద్దల మీద గుమ్మడిపూలు పెట్టి చుట్టూ తిరిగేటప్పుడు, మడిలో వంగి నాటేటప్పుడు పాడుకున్న పాటలు అవి. ఆ పని జరిగే రోజున, జరిగే చోట వినిపిస్తే ఎవరికీ నచ్చజెప్పాల్సిన పనిలేదు. ఖాళీగా కూర్చుని ఫోన్‌లో వినమంటేనే కష్టం. మీ ఆల్బమ్‌ను ఆల్బమ్‌గా మర్చిపోయి, ఎనిమిది పాటల్ని ఎనిమిది అదనులుగా చూడండి. గొబ్బి పాటకు డిసెంబరు మధ్య నుంచి భోగి దాకా నెల రోజులు. మిరపకోతల పాటకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా, గుంటూరు యార్డు ఎర్రగా నిండి ఉండే నాలుగు నెలలు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, మళ్లీ శ్రావణం, ఇవి నలుగు పాటలవి. జోలకు కాలంతో పనిలేదు, ఏ నెలలోనైనా ఎవరింట్లోనో ఒక ఊయల ఊగుతూనే ఉంటుంది.

ఒకసారి వదిలేసిన పాటల్ని మళ్లీ కొత్తగా విడుదల చేయాలని కంగారు పడకండి. యాపుల్లో ఉన్నవి ఉండనివ్వండి. ఆ అదను వచ్చినప్పుడల్లా ఆ ఒక్క పాటకే కొత్త వీడియో తీయండి. స్టూడియోలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాడుతున్న వీడియో వద్దు, అది అందరి దగ్గరా ఉంది. మిరప చేలో కోస్తున్న ఆడవాళ్లు పాడాలి, మీరు వెనక గొంతు కలపాలి. ఇకముందు చేసే పాటలు మాత్రం ఒక్కొక్కటిగా, అదనుకు నెల ముందు పంపిణీ కంపెనీకి అప్పజెప్పండి. స్పాటిఫైలో వాళ్ల ప్లేలిస్టుల కోసం పాటను పంపాలంటే విడుదలకు కనీసం ఏడు రోజుల ముందే పంపాలి, విడుదలయ్యాక పంపే వీలే లేదు. మీ ఎనిమిదింటికీ ఆ అవకాశం అలా పోయింది. అక్కడ ఒక పాటకు పన్నెండు నెలల్లో వెయ్యి వినికిడులు దాటకపోతే దానికి పైసా రాదన్న నిబంధన కూడా 2024 నుంచి ఉంది. యాపుల నుంచి అప్పు తీరుతుందనే లెక్క అన్నయ్య రాసుకుని ఉంటే కొట్టేయమనండి.

అప్పు తీర్చేది పెళ్లిళ్లే. ఇప్పుడు బెంజి సర్కిల్ నుంచి బ్రాడీపేట దాకా ఏ పెళ్లి చూసినా హల్దీ అని ఒక ఫంక్షన్ ఉంటోంది. పసుపు బట్టలు, బంతిపూల మండపం, డీజే. పాత నలుగుకే కొత్త పేరు, కొత్త బిల్లు. అక్కడ పాడేవాళ్లు లేరు. అమ్మమ్మలకు పాట సగం గుర్తుంటుంది, అమ్మలకు రాదు, పిల్లలు ఫోన్‌లో హిందీ పాట పెడతారు. మీరిద్దరూ, డోలక్ అబ్బాయీ, ఒక కంజీర, అంతే. పెద్ద బాక్సులక్కర్లేదు, చిన్న స్పీకరు చాలు. నలభై నిమిషాలు కింద చాప మీద, వాళ్ల మధ్యలోనే కూర్చుని పాడండి. పెళ్లికూతురి పేరు, వాళ్ల ఊరి పేరు చరణంలో పెట్టండి, నలుగు పాటల్లో ఆ వీలు మొదటినుంచీ ఉంది. క్లబ్బు రాత్రి మీరు చెప్పేదానికంటే తక్కువ రేటు చెప్పినా మిగిలేది ఎక్కువ, ఎందుకంటే సౌండు ఖర్చు లేదు, బండి ఖర్చు లేదు. పైగా అక్కడ కూర్చున్న పాతికమంది ఆడవాళ్లలో నలుగురి ఇళ్లలో వచ్చే ఏడాది పెళ్లిళ్లుంటాయి. మీ నంబరు అడుగుతారు. క్లబ్బులో ఒక్కరైనా అడిగారా?

ఆ హాల్లోనే మీకు పనికొచ్చే ఇంకో మనిషి ఉంటాడు, పెళ్లి వీడియో తీసేవాడు. అతని కష్టం మీకు తెలియదు. సినిమా పాట పెట్టి పెళ్లి వీడియో కట్ చేసి పైకి ఎక్కించగానే కాపీరైట్ అని సౌండు తీసేస్తారు. మీ నలుగు పాట, అప్పగింతల పాట వాడుకోమని అతనికి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వండి. డబ్బు అడగకండి, కింద మీ బృందం పేరు రాయమనండి చాలు. విజయవాడలో ఓ పదిమంది వీడియోవాళ్లు వాడితే ఒక పెళ్లిళ్ల సీజన్‌లో మీ అప్పగింతల పాట విని కళ్లు తుడుచుకోని ఇల్లు ఉండదు. ఇన్‌స్టాగ్రామ్ సంగీతంలో మీ పాటలు దొరుకుతున్నాయో లేదో కూడా చూసుకోండి. పంపిణీ కంపెనీ దగ్గర ఆ గడిలో టిక్కు పెట్టకపోతే దొరకవు. పేరు తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ వెతికి చూడండి.

అన్నయ్య డీజే బీటు గురించి. తెలంగాణ పాటల వ్యూస్ నిజమే. కానీ వాటిలో చాలావరకు ఈమధ్య కొత్తగా రాసి, వరస కట్టి, డాన్సు మాస్టరును పెట్టి, హీరో హీరోయిన్లతో తీసినవి. అదొక పరిశ్రమ, దానికి పెట్టుబడి ఉంది, ఏళ్ల తరబడి కట్టుకున్న చానళ్లున్నాయి. వాళ్ల తప్పేం లేదు, బాగా చేస్తున్నారు. మీరు వెళ్లి వాళ్ల యాసలో, వాళ్ల బీటులో పాడితే వాళ్లకంటే బాగా పాడలేరు, పల్నాటి గొంతు కూడా పోగొట్టుకుంటారు. 'యాడికి పోతన్నావే' అని మీ అమ్మమ్మ ఎలా అంటుందో అలాగే ఉండాలి పాటలో. కారంపూడిలో ఈనాటికీ వీరుల ఉత్సవాలకు వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథ పాడుతున్నారంటే, ఆ నేల మీద పాటకు ఏ బీటు సరిపోతుందో అక్కడివాళ్లకు తెలుసు. ఒకసారి అన్నయ్యను వెంటబెట్టుకుని వెళ్లి వినండి. ఆయన మాటను పూర్తిగా కొట్టిపారేయను, మిరపకోతల పాట ఒక్కటి కొంచెం వేగం పెంచి చేసి చూడొచ్చు. జోల మీద బీటు వేస్తానంటే మాత్రం నాకు ఫోన్ చేయమనండి.

యూట్యూబ్ క్లెయిమ్‌కు భయపడకండి. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. దీనివల్ల మీ చానల్ మూతపడదు, ఆ వీడియో మీద వచ్చే డబ్బు మాత్రం వాళ్లకు పోవచ్చు. మొదట ఆ క్లెయిమ్ తెరిచి, పాటలో ఏ నిమిషం దగ్గర పట్టుకుందో చూడండి. మీ గొంతు దగ్గరా, కీబోర్డు దగ్గరా? కీబోర్డు దగ్గరైతే అన్నయ్యను అడగాల్సిందే. రెడీమేడ్ లూపు, అంటే ముందే చేసి పెట్టిన సంగీతం ముక్క, వాడి ఉంటాడు, అదే లూపు మీద ఇంకెవరో ముందే పాట చేసి ఉంటారు. దాన్ని తీసేసి డోలక్‌తో మళ్లీ కొట్టించడమే మంచిది. వరస దగ్గర పట్టుకుంటే, అదే పాటను ఇంకో కంపెనీ ఎప్పుడో రికార్డు చేసి ఉంటుంది. తరతరాలుగా నోటి మీదుగా వచ్చిన, కట్టినవాళ్లెవరో తెలియని పాట మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. వాళ్ల రికార్డింగు వాళ్లది, మీ రికార్డింగు మీది. ఆ మాటే రాసి క్లెయిమ్‌ను వివాదంలో పెట్టండి. అవతలివాళ్లకు 30 రోజుల గడువు ఉంటుంది, ఆలోగా జవాబివ్వకపోతే క్లెయిమ్ తొలగిపోతుంది. అమ్మమ్మ పాడగా మీరు ఫోన్‌లో రికార్డు చేసుకున్నది తేదీతో సహా ఉంటే జాగ్రత్తగా దాచండి.

అయితే ఒక్కటి తేల్చుకున్నాకే వివాదం పెట్టండి. ఆ పాట నిజంగా కట్టినవాళ్లెవరో తెలియనిదేనా? మన జిల్లాల్లో వామపక్ష కళాకారుల ప్రజానాట్యమండలి రోజుల నుంచి ఎందరో రాసిన పాటలు ఊళ్లలో కలిసిపోయాయి. రెండు తరాలు పాడుకునేసరికి అవి అమ్మమ్మ పాటలైపోయాయి. రాసినవారు పోయిన తర్వాత కూడా 60 ఏళ్లపాటు హక్కు వాళ్ల వారసులదే. ఎనిమిదింటిలో అలాంటిది ఒక్కటైనా ఉందేమో ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. ఉంటే వెళ్లి అనుమతి తీసుకోండి, పేరు వేయండి. సంతోషంగా ఇస్తారు, అడగకపోతేనే కోపం. అలాగే స్టూడియో నుంచీ, వాయించినవాళ్ల నుంచీ, రికార్డింగు బృందానిదేనని సంతకాలతో ఒక కాగితం రాయించుకోండి. గొంతు, డప్పు, డోలక్ విడివిడిగా ఉన్న ఫైళ్లన్నీ కూడా అడిగి తెచ్చుకోండి. రేపు స్టూడియో మూతపడితే అవి దొరకవు.

చట్టం అడగనిది ఒకటుంది. పల్నాడులో మీకు పాటలు నేర్పిన ఆ ఆడవాళ్లు ఆల్బమ్ విన్నారా? మీ ఉత్తరంలో ఆ ముచ్చట లేదు. వినకపోతే ఈ వారమే వెళ్లండి. రామాలయం దగ్గర ఒక సాయంత్రం చిన్న స్పీకరు పెట్టి ఎనిమిదీ వినిపించండి. తిట్టే చోట తిడతారు, 'ఆ చరణం అట్టా కాదు' అంటారు, రాసుకోండి. వాళ్లు ఒప్పుకుంటే పేర్లు వేయండి, వచ్చిన దాంట్లో వాళ్లకూ ఇంత అని ఇప్పుడే నిర్ణయించుకోండి, డబ్బు వచ్చాక ఆ నిర్ణయం కష్టం. ఆ ఊరివాళ్ల పిల్లలు హైదరాబాదులోనూ అమెరికాలోనూ ఉంటారు. వాళ్ల నాయనమ్మ పేరు పాట కింద కనిపిస్తే వాళ్లు పంపినంత మందికి మీరు డబ్బు పెట్టి ప్రకటనలిచ్చినా పంపలేరు.

ఆకాశవాణి విజయవాడ కేంద్రాన్ని మర్చిపోకండి. 1948 డిసెంబరు 1న మొదలైన కేంద్రం అది. జానపద సంగీతానికి ఆడిషన్లు పెడతారు, నెగ్గితే గ్రేడు ఇస్తారు. డబ్బు పెద్దగా ఉండదు. కానీ 'ఆకాశవాణి గ్రేడెడ్ ఆర్టిస్టు' అని కాగితం మీద ఉంటే భాషా సాంస్కృతిక శాఖ కార్యక్రమాలకూ, తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రానికీ దరఖాస్తు పెట్టేటప్పుడు బరువుంటుంది. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో మిమ్మల్ని పిలిచి పాడించుకునే రోజు ఆ దారిలోనే వస్తుంది. అక్కడ జనం స్టేజీ వైపు తిరిగి కూర్చుంటారు, క్లబ్బు నుంచి వచ్చిన మీకు అదే వింతగా ఉంటుంది.

చివరగా సీడీలు. వద్దు. పెట్టడానికి ప్లేయర్లు ఎవరింట్లో ఉన్నాయి? కార్లలో కూడా ఆ సందు తీసేశారు. ఆ డబ్బుతో పాటల పుస్తకం వేయండి. పెళ్లి దగ్గర ఆడవాళ్లు మిమ్మల్ని అడిగేది 'ఆ పాట రాసివ్వమ్మా' అనే గానీ 'లింకు పంపు' అని కాదు. ఒక్క ఫారం, పదహారు పేజీలు, అక్షరాలు పెద్దవిగా, అమ్మమ్మలు కళ్లజోడు లేకుండా చదివేట్టు. ఎనిమిది పాటలూ పూర్తి చరణాలతో, ఒక్కో పాట పక్కన క్యూఆర్ కోడ్. పాడినవాళ్లు, వాయించినవాళ్లు, నేర్పినవాళ్లు అందరి పేర్లూ మొదటి పేజీలోనే. విజయవాడలో అచ్చు వేయడానికి వెతుక్కోవాల్సిన పనిలేదు, పుస్తకాల ఊరే అది. నలుగుకు పిలిచిన ఇంటికి పాతిక కాపీలు రేటులోనే కలిపి ఇవ్వండి, క్లబ్బులో టేబుల్‌కొకటి పెట్టండి. భోజనాల దగ్గర మీ పాట వినని ఆయన భార్య దాన్ని బ్యాగులో వేసుకుని వెళుతుంది. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటుంది, గొబ్బి పాటకూ అదే అదను. దానికి అందాలంటే నవంబరు చివరికల్లా ప్రూఫులు అయిపోవాలి.